నాన్న పక్కసీటు డాక్టరమ్మ

ఆ వానాకాలం మా నాన్న మళ్ళీ బడిలో చేరాడు.

అప్పటికి ఆయన తల్లో నల్లవెంట్రుక కావాలంటే భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ఆయన మెడలో స్టెతస్కోపుతోనే పుట్టాడని మా పేటలో సగం మందికి గట్టి నమ్మకం. మిగతా సగం మంది పుట్టినప్పుడు ఆయనే దగ్గరుండి చూశాడు కాబట్టి వాళ్ళకి వేరే నమ్మకాలతో పనిలేదు. అలాంటి మనిషి సంచీలో పెన్నూ, మంచినీళ్ళ సీసా పెట్టుకుని, చంకలో గొడుగుతో శనివారం పొద్దున్నే క్లాసుకి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "ఎవరితోనూ గొడవ పడకండి. ఎవరైనా కొడితే టీచరుకి చెప్పండి" అంది. అమ్మ స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడకి అలవాటే.

సంగతేంటంటే, డాక్టర్లు తమ లైసెన్సు నిలబెట్టుకోవాలంటే ఎప్పటికప్పుడు కొత్త విషయాలు చదువుకుంటున్నట్టు పాయింట్లు చూపించాలి. ఇన్నాళ్ళూ ఆ పాయింట్లన్నీ మా నాన్న నిద్రపోయి సంపాదించాడు. పెద్ద హోటల్లో ఏసీ హాలు. దీపాలార్పేసి తెర మీద బొమ్మలేస్తారు. ఎవరో పెద్ద డాక్టరు మైకులో గొణుగుతుంటాడు. వెళ్ళేటప్పుడు సంతకం, వచ్చేటప్పుడు భోజనం. ఆయన షుగరు మీద ఒక నిద్ర పోయాడు, గుండెజబ్బుల మీద ఒక నిద్ర పోయాడు, కిడ్నీల మీద పోయిన నిద్రకైతే సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి క్లినిక్ గోడకి తగిలించాడు.

ఆ ఏడాది రూలు మారింది. హాళ్ళూ లేవు, నిద్రలూ లేవు. పేటల్లో ప్రాక్టీసు చేసుకునే డాక్టర్లంతా శనివారం శనివారం ఒక చిన్న గదిలో గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చోవాలి. లైట్లు ఆర్పరు. చివర్లో పరీక్ష కూడా ఉంది. డాక్టరు పేషెంటుతో మాట్లాడుతుంటే పక్కన ఒకరు కూర్చుని మార్కులేస్తారు.

"పేషెంటుతో మాట్లాడ్డం నాకు నేర్పుతారా? నాకూ?" అని నాన్న ఆ వారమంతా కనిపించిన ప్రతి గోడనీ అడిగాడు.

నేను మాత్రం లోపల్లోపల గంతులేస్తున్నాను. అప్పుడే డాక్టరీ పాసై, ఇంటర్న్‌షిప్ ముగించుకుని ఇంటికొచ్చి కూర్చున్నాను. నా బుర్రలో చదువు ఇంకా వేడి వేడిగా ఉంది, పొగలొస్తోంది. నాన్నకి నేను పాఠాలు చెప్తాను. రంగు రంగుల పెన్నులు కొన్నాను. అమ్మ స్కూల్లోంచి ఒక పాత నల్లబల్ల తెప్పించాను. బెత్తం కూడా చూసి పెట్టుకున్నాను, వాడాలని కాదు, బల్ల మీద పెడితే ఒక గౌరవం ఉంటుందని.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఇంట్లో నా మాట ఎవరూ నమ్మరు. దీనికి చారిత్రక కారణాలున్నాయి. చిన్నప్పుడు థర్మామీటరు వేడి టీలో ముంచి, ప్రపంచంలో ఇంతవరకూ ఎవరికీ రానంత జ్వరం తెచ్చుకున్నాను. ఎర్ర సిరా నోట్లో పోసుకుని అమ్మ ఒళ్ళో ప్రాణం విడిచాను, రెండుసార్లు. అందుకని ఒకరోజు నిజంగానే గోడ మీంచి పడి చెయ్యి విరిగిందని ఏడుస్తూ వస్తే, నాన్న నా మోచేతి మీద నొక్కి చూశాడు. నేను పేట దద్దరిల్లేలా అరిచాను. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "ఇదే నీ బెస్టు" అని బడికి పంపేశాడు. రెండు మూడు రోజుల తర్వాత మా డ్రిల్లు మాస్టారు చూసి, ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. ఆ మోచెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. చెయ్యి చాపితే ముంజెయ్యి లోపలికి తిరిగి ఉంటుంది, ఎవరో తొందర్లో తప్పు చెయ్యి తగిలించి పోయినట్టు.

ఈ కథ నేను నలుగురు చేరిన ప్రతిచోటా అభినయంతో సహా చెప్తాను. జనం పొట్టలు పట్టుకుంటారు. నాన్న మాత్రం సరిగ్గా ఆ సమయానికి మంచినీళ్ళు తాగడానికి లేస్తాడు.

*

మొదటి శనివారం నాన్న తడిసి ముద్దై తిరిగొచ్చాడు. గొడుగు చంకలోనే ఉంది, తెరవడం మర్చిపోయాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమైంది నాన్నా, ఫస్టొచ్చావా?" అన్నాను.

"నా పక్కసీట్లో ఒకమ్మాయి కూర్చుందే. వంతెన అవతల హెల్త్ సెంటర్లో పనిచేస్తుందట. నీకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. అబ్బ, ఏం వింటుందే ఆ పిల్ల! మనం మాట్లాడుతుంటే మన మాట తప్ప ప్రపంచంలో ఇంకేం లేనట్టు వింటుంది."

"వినడం ఏముంది నాన్నా, చెవులుంటే చాలు."

"అదీ నేను ఇన్నాళ్ళూ అనుకున్నది!" అని ఆయన ఎంత ఉత్సాహంగా అన్నాడంటే నాకు నల్లబల్ల సంగతి ఎత్తడానికి నోరు రాలేదు.

అది మొదలు. ఆదివారం కాఫీ దగ్గర, "పక్కసీటమ్మాయి ఏమందంటే." సోమవారం షేవింగ్ చేసుకుంటూ అద్దంలోంచి, "ఆ పక్కసీటమ్మాయి భలే అడిగిందే." మంగళవారానికి నాకు కడుపులో మంట మొదలైంది. ఇది అసూయ కాదు. నేను డాక్టర్ని, నాకు తెలుసు. ఇది ఎసిడిటీ. వానాకాలంలో వస్తుంది. నాన్న శాంపిళ్ళలోంచి ఒక యాంటాసిడ్ సీసా తీసుకుని, మూతతో కొలవకుండా సీసాతోనే తాగడం మొదలుపెట్టాను.

"పొద్దున్నే ఆ గులాబీ రంగు నీళ్ళేంటే?" అంది అమ్మ.

"ఎసిడిటీ."

"పక్కసీటు పేరు వినపడినప్పుడే వస్తోంది. విచిత్రమైన ఎసిడిటీ" అని అమ్మ ఆన్సరు పేపర్లు దిద్దుకోడానికి పోయింది.

ఆ క్లాసుల్లో ఒక పద్ధతి ఉంది. మొదటి గంట తప్పుల గంట. ప్రతి డాక్టరూ తాను పేషెంటు విషయంలో చేసిన ఒక తప్పు చెప్పాలి. గొప్పలు చెప్తే ఊరుకోరు. తప్పే చెప్పాలి. మిగతావాళ్ళు తిట్టకూడదు, ఓదార్చకూడదు, వినాలి, ప్రశ్నలడగాలి. ఆ గదిలో విన్నది ఆ గది దాటకూడదు.

"నువ్వేం చెప్పావ్?" అన్నాను నాన్నని.

"చెప్పకూడదు."

"నేనూ డాక్టర్నే కదా."

"ఆ గదిలో లేవు కదా" అన్నాడు. ఆయన ఉద్దేశం రూలు చెప్పడమే. నాకు మాత్రం ఆ ముక్క వెళ్ళి ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నేను ఆయన గొప్పలు వింటున్నాను. పాము కరిచినవాణ్ణి బతికించింది, పడవలో కాన్పు చేసింది, అన్నీ నాకు కంఠతా వచ్చు. తప్పుల్లో ఒక్కటి కూడా నాకు చెప్పలేదు. ఎవరో ముక్కూ మొహం తెలీని మనిషి పక్కన కూర్చుంటే, వెళ్ళిన మొదటిరోజే తీసి చేతిలో పెట్టాడు.

ఆ రోజు సీసా సగం ఖాళీ అయింది.

*

వానలు ముదిరేసరికి నాన్న కూడా ముదిరాడు. పేషెంటు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం పడకూడదట. అది ఆ నెల పాఠం. అంతకుముందు మా నాన్న పద్ధతి వేరు. పేషెంటు "డాక్టర్ గారూ, నాకూ..." అనేలోపు మందు రాసేసి, ఉప్పు తగ్గించమని తిట్టి, తర్వాతి మనిషిని పిలిచేవాడు. జనానికి అదే ఇష్టం. ఆ తిట్టుతో సగం జబ్బు అక్కడే పోతుందని చెప్పుకునేవాళ్ళు.

ఇప్పుడు నోరు కట్టేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. నేను క్లినిక్ వరండాలో, తలుపు పక్కనే కూర్చుని వరసగా పేషెంట్లని లోపలికి పంపుతున్నాను కాబట్టి అంతా నా కళ్ళ ముందే. మూల వీధిలో బట్టలు కుట్టే పెద్దావిడ లోపలికెళ్ళి ఎంతకీ రాలేదు. వచ్చాక మొహంలో నెత్తురుచుక్క లేదు. నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నిజం చెప్పు. నాకేమైనా పెద్ద జబ్బా?"

"ఏమైంది పిన్నీ?"

"మీ నాన్న ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. చెప్పిందంతా విన్నాడు. మా ఆయన పోయిన సంగతి, కోడలి సంగతి, అన్నీ విన్నాడు. చివర్లో 'ఇంకా?' అన్నాడు. పోయేవాళ్ళతోనేగా అలా మాట్లాడతారు!"

ఆవిడకి ధైర్యం చెప్పి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో ఇంకో రకం గొడవ. అమ్మ ఏదో అడిగితే నాన్న తల ఊపి, ఎదురుచూసి, "ఇంకా?" అంటాడు. "ఇంకానా? గ్యాసు అయిపోయింది, అంతే. దాని వెనకాల నా చిన్ననాటి బాధలేం లేవు" అని అమ్మ చేతిలో ఉన్న గరిటె బల్ల మీద పెట్టింది.

నా దగ్గరికి మాత్రం "ఇంకా?" రాలేదు. నేనేదన్నా అంటే నవ్వేవాడు, అంతే. నేను మామూలుగా నవ్వించే మాటలే అంటాను మరి.

అప్పుడే వెనక గది ఖాళీ చేయించాడు. మా క్లినిక్‌లో రెండు గదులు. ముందుది ఆయన చూసేది. వెనకదాంట్లో పాత శాంపిళ్ళ అట్టపెట్టెలు, ముల్లు విరిగిన బరువు తూచే మిషను, తరాల తరబడి కాపురముంటున్న బల్లులు. ఒకరోజు వెళ్ళేసరికి పెట్టెలు లేవు. కిటికీకి కొత్త అద్దం వేశారు. రంగులేసే అతను నిచ్చెన మీద నిలబడి లేత నీలం పూస్తున్నాడు. ఆ గది నాకేనని అర్థమైపోయింది. పైకి మాత్రం, "ఏం నాన్నా, బల్లులకి పెళ్ళా?" అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ రెండు రోజులూ నేను యాంటాసిడ్ ముట్టలేదు. ఆ గదిలో బల్ల ఎటు వెయ్యాలో, కుర్చీ కిటికీ వైపుండాలో గోడ వైపుండాలో, తలుపు మీద నా పేరు ఎంత పెద్ద అక్షరాల్లో రాయించాలో, అన్నీ తేల్చేశాను. అక్షరాల సైజు దగ్గర కాస్త తగ్గాను, పక్క వీధి దాకా కనిపిస్తే చాల్లే అని.

మూడోరోజు నాన్న ఫోన్లో మాట్లాడుతుంటే వినపడింది. "మీరొకసారి వచ్చి చూసుకోండమ్మా. వెలుతురు బాగా వస్తుంది. పొద్దున పూట మీరు కూర్చుంటే నాకూ తోడుగా ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగాడు. "పక్కసీటమ్మాయి. హెల్త్ సెంటర్లో ఆవిడది టెంపరరీ. వానాకాలం దాటితే ఉద్యోగం ఉంటుందో లేదో. గది ఊరికే పడుంది కదా అని అడిగాను. ఏమంటావ్?"

ఏమంటాను? నిజం నోటిదాకా వచ్చింది. నోట్లోనే వేషం మార్చుకుంది. "మంచిదే నాన్నా. బల్లులకి కూడా ఒక డాక్టరుండాలి కదా" అన్నాను.

"అదీ పాయింటే" అని నవ్వాడు.

వంటింట్లోకెళ్ళి సీసా ఎత్తాను. అమ్మ చూసింది.

"నాకు కావాలని అడగొచ్చుగా?"

"నాకెందుకు ఆ గది? తేమ. పైగా లేత నీలం. నాకు నప్పదు."

"ఇదే మాట ఇంకోసారి నా మొహం చూసి చెప్పు."

చూసి చెప్పాను. తడబడకుండా చెప్పాను. ఈ విద్యలో నాకు ఎదురు లేదు.

*

అసలు పరీక్షకి ముందు క్లాసులో ఒక రిహార్సల్ పెట్టారు. పేషెంట్లుగా నటించడానికి మనుషులు కావాలనీ, డాక్టర్ల బంధువులు మాత్రం వద్దనీ నాన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆయన స్నానానికెళ్ళాడు. ఫోన్ నా చేతిలో ఉంది. ఆ తర్వాత జరిగినదానికి స్నానానిదే బాధ్యత.

కోర్సు నడిపే మేడమ్‌కి ఫోన్ చేశాను. "నటన అనుభవం ఉందా?" అంది.

"చిన్నప్పట్నుంచీ ఉందండీ."

"ఏం పాత్రలు?"

"ఎక్కువగా రోగులే."

ఆవిడ మురిసిపోయింది. కావాలనే పక్కసీటు గదిలోకే నన్ను పంపమన్నాను, ఆవిడ హెల్త్ సెంటరు పేరు చెప్పి, "ఆవిడ గురించి గొప్పగా విన్నానండీ" అని. అబద్ధం కాదు. ఆ వానాకాలమంతా నేను విన్నది అదొక్కటే.

నా పథకం చాలా సులువైంది. నాకిచ్చిన కార్డు మీద ఉన్నది మామూలు తలనొప్పి, పని ఒత్తిడి వల్ల వచ్చింది. నేను దానికి పుస్తకాల్లో ఉన్నవన్నీ కలుపుతాను. మెదడు జబ్బొకటి, కంటి జబ్బొకటి, నరాల జబ్బొకటి, అన్నీ కలిపి నూరి ముద్ద చేసి బల్ల మీద పెడతాను. ఆవిడ తికమకపడి ఏదో ఒక పిచ్చి జబ్బు పేరు చెప్తుంది. పక్క హాల్లో టీవీ మీద మిగతా డాక్టర్లంతా చూస్తుంటారు. వాళ్ళలో నాన్న కూడా ఉంటాడు. తన పక్కసీటు ఎంతో, తన కూతురెంతో ఒకే తెర మీద పక్కపక్కన చూస్తాడు. పోయేది ఆవిడ ఉద్యోగం కాదు, రిహార్సల్లో కాస్త పరువు. మళ్ళీ కొనుక్కోవచ్చు.

గదిలోకెళ్ళాను. మూలన కెమెరా కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఉంది. బల్ల అవతల పక్కసీటు.

ఇన్నాళ్ళూ నేను ఊహించుకున్న మనిషికి తల చుట్టూ వెలుగుండేది, లేదా కొమ్ములుండేవి, రోజుని బట్టి. ఈవిడ పొట్టిగా ఉంది. వానకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఒక చెప్పు పట్టీకి పిన్నీసు పెట్టుకుంది. శత్రువు ఇలా ఉంటే యుద్ధం చెయ్యడం చాలా కష్టం. అయినా మొదలుపెట్టాను.

"చెప్పండి, ఏమైంది?"

"తలనొప్పండీ. నెత్తి మీద ఎవరో రోడ్డు రోలరు నడుపుతున్నట్టుంది. వెనక్కి కూడా నడుపుతున్నాడు."

తల ఊపింది.

"మెడ తిరగట్లేదు. ఎడమ కంటికి ఒకటి రెండుగా కనిపిస్తోంది. కుడి కంటికి రెండు ఒకటిగా కనిపిస్తోంది. లెక్కకి సరిపోతోంది గానీ ఇబ్బందిగా ఉంది."

తల ఊపింది. పెన్ను కూడా ముట్టుకోలేదు. నన్నే చూస్తోంది.

కాళ్ళ తిమ్మిరి చెప్పాను. చెవిలో రైలు కూత చెప్పాను. మంగళవారాలు మాత్రమే కిరసనాయిలు వాసనొస్తోందని చెప్పాను. అరచేతుల్లో చీమలు, నాలిక మీద ఇనుము రుచి, మెట్లెక్కితే దిగుతున్నట్టు, దిగితే ఎక్కుతున్నట్టు. ఆవిడ ఎక్కడా ఆపలేదు. "చాల్లే" అనలేదు. నవ్వలేదు. అంతా విని, "ఇంకా?" అంది.

అప్పుడు నాకొక ఘోరం జరిగింది. నా దగ్గర రోగాలు అయిపోయాయి.

నా జీవితంలో ఎవరూ నా అబద్ధాన్ని చివరిదాకా వినలేదు. సగంలోనే "పో వెధవా" అనో, చప్పట్లు కొట్టో పంపేస్తారు. అందుకని నా దగ్గరున్నవన్నీ మొదళ్ళే. చివరలు ఎప్పుడూ తయారుచేసుకోలేదు, అవసరం పడలేదు.

"ఒకసారి బీపీ చూద్దాం. చెయ్యి ఇలా చాపండి" అంది.

తికమకలో ఎడమ చెయ్యి చాపాను. ఆవిడ చొక్కా చెయ్యి పైకి మడిచి, పట్టీ చుట్టబోయి ఆగింది. నా మోచెయ్యి చూసింది. తర్వాత నా మొహం చూసింది. ముఖ్యంగా ముక్కు దగ్గర కాసేపు ఆగింది. నా ముక్కు నాన్న ముక్కే, అచ్చుగుద్దినట్టు. ఒక్కసారి కెమెరా వైపు చూడబోయి, చూడకుండా మళ్ళీ నా వైపే తిరిగింది. పట్టీ చుట్టడం మాత్రం మానలేదు.

"ఇది ఎప్పటిది?"

"చిన్నప్పటిదండీ" అన్నాను. హమ్మయ్య, ఈ కథకి నా దగ్గర చివర కూడా ఉంది. "గోడ మీంచి పడ్డాను. విరిగిందంటే ఇంట్లో నమ్మలేదు. నొక్కి చూశారు. నేనరిచిన అరుపుకి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు!"

ఇక్కడ జనం పొట్టలు పట్టుకోవాలి. ఆవిడ పట్టుకోలేదు.

"చాలా నొప్పిగా ఉండేదా?" అంది.

ఈ ప్రశ్న ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఆలోచించుకోవాల్సి వచ్చింది. "ఉండేది" అన్నాను.

"ఇంకా?"

ఈసారి ఆ మాట నా రోగాల కోసం అడిగింది కాదు. బయట వాన రేకుల మీద పడుతోంది. పట్టీలోంచి గాలి సన్నగా జారుతోంది. ఆవిడ అలాగే కూర్చుంది, తొందరేం లేనట్టు. నేను ఇంకో హాస్యం కోసం లోపలంతా తడుముకున్నాను. చేతికి తగిలింది అది కాదు.

"నాకు ఆ గది కావాలి" అన్నాను.

ఆవిడ ఏ గది అని అడగలేదు. పట్టీ విప్పి, మడిచి, నా చొక్కా చెయ్యి కిందకి సరిచేసింది.

"బీపీ బాగానే ఉంది" అంది.

హాల్లో చర్చ జరుగుతుంటే నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మేడమ్ అందరినీ అడుగుతోంది. "పేషెంటు చివర్లో గది అడిగింది. దానర్థమేంటి? అడ్మిట్ చెయ్యమనా?" ఒకాయన "ఏసీ గదేమో" అన్నాడు. ఇంకొకాయన "మతిమరుపు లక్షణం" అన్నాడు. నాన్న వెనక వరసలో కూర్చుని గొడుగు పిడి వైపు చూస్తున్నాడు, దాని మీద ఏదో చిన్న అక్షరాల్లో రాసి ఉన్నట్టు. పక్కసీటు నోరు విప్పలేదు.

బయటికొస్తుంటే మేడమ్ నా భుజం తట్టింది. "చాలా సహజంగా చేశావమ్మా. ఆ చివరి మాట ఒక్కటే కాస్త అతి అయింది."

*

ఇంటికి నాన్న స్కూటరు వెనక కూర్చుని వచ్చాను. ఆయన రెయిన్‌కోటు వెనక భాగం నా తల మీద కప్పుకున్నాను. దారి పొడుగునా ఆయనొక్క మాట మాట్లాడలేదు. కోపమొచ్చిందో, వింటున్నాడో తెలీలేదు. వెనకనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

మర్నాడు ఆదివారం. క్లినిక్ ఉండదు. "రావే, ఒకసారి పనుంది" అని తీసుకెళ్ళాడు.

వెనక గదిలో పెయింటు వాసన. బల్ల వేసేశారు. బల్ల అవతల ఎత్తు పెంచుకునే చక్రాల కుర్చీ, ఇవతల పేషెంటు కూర్చునే స్టూలు. నాన్న వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. నన్ను కుర్చీ వైపు చూపించాడు. కూర్చున్నాను. అటు నుంచి చూస్తే ఆయన చిన్నగా కనిపించాడు.

"మొదటి శనివారం క్లాసులో ఒక తప్పు చెప్పాను" అన్నాడు.

"బయట చెప్పకూడదు కదా. రూలు."

"ఆ పేషెంటుకి చెప్పొచ్చు."

చెయ్యి చాపమన్నాడు. చాపాను. మోచేతి మీద ఒకచోట బొటనవేలు పెట్టాడు. నొక్కలేదు, ఊరికే పెట్టాడు.

"ఇక్కడ నొక్కాను. నువ్వరిచావు. నేను చప్పట్లు కొట్టాను."

నా దగ్గర ఒక మంచి జోకుంది, సరిగ్గా ఇక్కడ వేసేది. బయటికి రాలేదు. నాన్న ఈసారి మంచినీళ్ళకి లేవలేదు.

"అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో నువ్వేం చెప్పినా నమ్మాలని."

"నువ్వా? ఎప్పుడు నమ్మావు?"

"ఇంటర్న్‌షిప్ అయిపోయి వచ్చిన రోజు క్లినిక్‌కొచ్చావు. ఫ్యాను చూసి ఏమన్నావ్? 'నాన్నా, చచ్చినా ఇక్కడ కూర్చోను. దీని కింద కూర్చుంటే హెలికాప్టర్లోంచి తోసేస్తున్నట్టుంది' అన్నావు."

"అదీ..."

"నమ్మాను."

నేను ఫ్యాను వైపు చూశాను. ఈ గదిలోది కొత్తది. చప్పుడే చెయ్యట్లేదు.

"అన్నీ వదిలేసి దాన్నొక్కదాన్ని నమ్మాలా నాన్నా?"

"ఏది ఏదో నాకెలా తెలుస్తుందే? అన్నీ ఒకే మొహంతో చెప్తావు."

నేను కుర్చీ మీట పట్టుకుని కాస్త పెంచాను, మళ్ళీ దించాను. ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. నేర్చుకున్నాడు కదా.

"పొద్దున పూట ఆవిడకి మాటిచ్చేశాను" అన్నాడు చివరికి. "వెనక్కి తీసుకోలేను."

"తెలుసు. తీసుకోకు."

"సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది."

"లేదు" అన్నాను. "ఖాళీగా ఉండదు."

*

ఆ వానాకాలం వెళ్ళిపోయేలోపు పక్కసీటు పరీక్ష పాసైంది, అందరికంటే ఎక్కువ మార్కులతో. నాన్న కూడా పాసయ్యాడు. ఆయన కాగితం మీద "పేషెంటుకి మాట్లాడే అవకాశం ఇస్తారు, ఒక్కోసారి మరీ ఎక్కువ ఇస్తారు" అని రాశారట. దాన్ని కిడ్నీల నిద్ర పక్కన తగిలించాడు.

పొద్దున్న ఆవిడ, సాయంత్రం నేను. తలుపు మీద రెండు పేర్లు, ఒకే సైజు, స్కేలు పెట్టి కొలిచాను. బట్టలు కుట్టే పిన్ని సాయంత్రం నా దగ్గరికొచ్చి, "పొద్దున డాక్టరమ్మ అయితే ఎంతసేపు విన్నారో!" అంటుంది, నన్ను ఆశీర్వదిస్తున్నంత ప్రేమగా. నేను తల ఊపుతాను. సొరుగులో సీసా ఉంటుంది.

ఆవిడ పొట్టి కాబట్టి పొద్దున్నే కుర్చీ ఎత్తు పెంచుకుంటుంది. సాయంత్రం నేను వచ్చి దించుకుంటాను. వెళ్ళేటప్పుడు ఇంకాస్త ఎక్కువే దించి పోతాను, మర్నాడు పెంచుకోడానికి ఆవిడ కష్టపడాలని. ఇది అసూయ కాదు. వ్యాయామం.

వానాకాలం చివర్లో ఒకరోజు వచ్చి, కూర్చుని, మీట కోసం చెయ్యి కిందకి పెట్టి ఆగిపోయాను. కుర్చీ నా ఎత్తుకే ఉంది, సరిగ్గా. నా మోకాళ్ళు చూసి లెక్కేసిందో ఏమో, వెళ్ళేముందు ఆవిడే దించి వెళ్ళింది. కడుపు భగ్గుమంది. సొరుగు లాగాను. సీసా ఖాళీ.

"నాన్నా!" అని అరిచాను. "కడుపులో మంట!"

గోడ అవతల చప్పట్లు వినపడలేదు. కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు, "ఒక్క నిమిషం కూర్చోండి" అని ఎవరితోనో అన్న మాట, చెప్పుల చప్పుడు. నాన్న నా గుమ్మంలో నిలబడి ఉన్నాడు, మెడలో స్టెతస్కోపుతో.

"ఎక్కడ?" అన్నాడు. "ఎప్పట్నుంచి?"